పాలు పొంగిన బస్సు

మా కేస్లి ఫోన్‌ల ఒక్కటే మాట అన్నది. "అక్కా, ఈ యేడు గూడ తీజు మొలకలు కవర్ల కట్టి పంపినవనుకో, నీ మొగం చూడ."

కేస్లి నా చెల్లె. నాకంటె మూడేండ్లు చిన్నది, నోరు మాత్రం ముప్పయ్యేండ్లు పెద్దది. దాని కొడుకు రాజు చర్ల దిక్కు సర్కారు బడిల సారు, వాని దగ్గరనే ఉంటది. మొన్న ఎండకాలం నీళ్ళ తొట్టికాడ జారిపడి తుంటిబొక్క ఇరగ్గొట్టుకున్నది. దవాఖానాల రాడ్ ఏసిండ్రు. ఇంకో రెండు నెలలు కూసోవద్దు, పండుకునే ఉండాలె అన్నరు. కూసోవద్దంటే కార్ల ఎట్ల వస్తది? ఆర్టీసీ బస్సుల ఎట్ల వస్తది? అంబులెన్స్ మాట్లాడుతమంటే, "పండుగకు కుయ్ కుయ్ మనుకుంట వస్తనా? నేను వచ్చింది చూసి తండా మొత్తం ఏడుపు మొదలుపెడ్తది" అని లడాయి.

తీజంటే ఎరుకలేనోళ్ళు ఉంటరు, చెప్త. శ్రావణంల మా తండాల పెండ్లిగాని ఆడపిల్లలు గంపలల్ల పుట్టమట్టి, మేక ఎరువు పోసి గోధుమలు చల్లుతరు. తొమ్మిది దినాలు నీళ్ళు పోసి, పాటలు పాడి, ఎండ తగలకుండ సాదుతరు. తొమ్మిదోనాడు ఆ మొలకలు తెంపి పెద్దోళ్ళ కొప్పులల్ల, రుమాళ్ళల్ల చెక్కుతరు. మిగిలినయి వాగుల కలుపుతరు. అదంత పొద్దుగూకక ముందే కావాలె. పొద్దు మునిగిందంటే ఆ యేటి తీజు అయిపోయినట్టే, ఎవ్వరి కోసం ఆగదు.

కేస్లి పెండ్లయినంక గూడ ఒక్క యేడు తప్పియ్యలే. ఇప్పుడు మూడేండ్లయింది రాక. ఒకసారి గోదారి వరద, ఒకసారి వాళ్ళ వియ్యపామె చావు, ఒకసారి జ్వరం. ఈ యేడు ముందుగాలనే రాజుతోని గుప్పెడు గోధుమలు పంపింది. "లిఖితకియ్యు. నా పేరు మీద ఒక గంపల చల్లమను" అని. లిఖిత నా మనుమరాలు, కొత్తగూడెంల డిగ్రీ చదువుతది. చల్లింది. ఏమన్న మొలిచినయా! తండాల ఏ గంప చూసినా జానెడే, కేస్లి గంప మూరెడు. చూసినోళ్ళందరు, ముసల్దాని మొండితనం మొలకలకొచ్చింది అన్నరు. మరి గట్ల మొలిచినంక అది రాకుంటె ఎట్ల?

"యాడీ, పిన్నిని నేను పండవెట్టి తీసుకొస్త" అన్నడు నా కొడుకు జగదీష్. మా మాటల యాడి అంటే అమ్మ.

వాడు పాల్వంచల పదహారేండ్లు కూలోళ్ళను పనికి దించే షిఫ్టు బస్సు నడిపిండు. ఇప్పుడు ఒక పాత బడి బస్సు కొని దాన్ని ఇల్లు చేసిండు. అవ్, ఇల్లే. బోగస్ మాట గాదు. లోపట సీట్లన్ని పీకి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, ఎనక మూలకు లెట్రిన్, పైన నీళ్ళ ట్యాంకు. పర్ణశాల, పాపికొండలు చూడొచ్చేటోళ్ళకు కిరాయికిస్తడట. నీలం రంగేసిండు గని కొసలకాడ పసుపు కనవడ్తనే ఉంటది, లోపలి లంగా కనవడ్డట్టు.

కొత్తగూడెంల లారీ బాడీలు కట్టే ముస్తకీమ్ దాన్ని తయారుచేసిండు. పిల్లగాండ్లప్పటి సంది మా జగదీష్‌కు దోస్తు. మా పాత ఇల్లు కూలగొట్టినప్పుడు కాలం చేసిన నా పెనిమిటి బద్యా ఎక్కిచ్చిన టేకు దూలం వచ్చింది. ఉత్తగ చెదలు తినుడెందుకని ముస్తకీమ్ దాన్నే కోసి పెద్ద మంచం కట్టిండు.

మా తండా పెద్ద, నాయక్ రామ్‌సింగ్ బస్సు చుట్టు మూడుసార్లు తిరిగిండు. "మన తాతలు ఎడ్లమీద ఉప్పు ఏసుకొని దేశాలు తిరిగి తిరిగి, కాళ్ళు గుంజి తండాలు కట్టుకున్నరు. వీడు మళ్ళ ఇంటికి చక్రాలు పెట్టిండు. ఏం రోగమురా నీకు?" అన్నడు.

అందరు నవ్విండ్రు. జగదీష్ ఆ మాట కడుపుల పెట్టుకున్నడు.

తొమ్మిదోనాడు పొద్దుగాల కోడి కూసినంక బయలెల్లాలె. నేను, జగదీష్, ముస్తకీమ్. మొదటి ప్రయాణం గద, ఏదన్న ఊడితే బిగిస్తనని వాడొచ్చిండు. నేనేమో రాత్రే చెయ్యాల్సింది చేసిన. ఇల్లన్నంక అలుకుడు లేకుంటె ఎట్లని, పేడ, ఎర్రమట్టి కలిపి బస్సు లోపటంత అలికి ముగ్గేసిన. ముస్తకీమ్ చూసి తలకాయ పట్టుకున్నడు.

"అమ్మా, అది ప్లైవుడ్ అమ్మా!"

"ఏ వుడ్డయితే ఏంది బేటా, కింద కాలు పెడ్తమా లేదా?"

ఇగ రెండోది. కొత్త ఇంట్ల పాలు పొంగియ్యకుండ బయలెల్లుతరా ఎవరన్న? వాళ్ళిద్దరు టైర్లు చూస్తుంటె నేను లోపట పొయ్యి ముట్టిచ్చి కొత్త గిన్నెల పాలు పెట్టిన. పొంగినయి. తూర్పు దిక్కే పొంగినయి, మస్తు శకునమని చెయ్యెత్తి దండం పెట్టిన. పొంగిన పాలు పొయ్యి గట్టు మీంచి కిందికి కారినయి. ఆ గట్టు కింద ముస్తకీమ్ బ్యాటరీ, వైర్లు, స్విచ్చులు అన్ని ఒక డబ్బల పెట్టిండట. నాకేం ఎరుక?

చిటచిటమన్నది. తర్వాత మాడిన పాలకోవ వాసన. తర్వాత పొగ.

ముస్తకీమ్ ఉరికొచ్చి వైర్లు పీకిండు. అరగంట కిందవడి మీదవడి బయటికొచ్చి జగదీష్ మొగం చూసిండు. "సెల్ఫ్ స్టార్టరు పోయింది. వైపర్లు, హారను పోయినయి. లైట్లు, ఫ్యాన్లు పోయినయి. తోస్తే మాత్రం స్టార్ట్ అయితది."

"తొయ్యనీకె పదిమంది ఉండాలె గదరా!"

"ఇక్కడున్నరు. తొవ్వల మాత్రం బండి ఆపినా ఇంజను ఆపకు. గదొక్కటే."

జగదీష్ నా దిక్కు చూసిండు. తిడ్తడనుకున్న. "యాడీ, పాలు మిగిలినయా? ఉంటె చాయ్ పెట్టు" అన్నడు.

తండా మొగోళ్ళు నవ్వుకుంటనే తోసిండ్రు. రామ్‌సింగ్ ఒక చెయ్యే ఏసిండు, ఇంకో చేతిల చుట్ట. బస్సు గుర్రుమని లేచింది. నా కోడలు సంగీత కిటికీకాడికొచ్చి, "అత్తమ్మా, పొద్దు చూసుకోండ్రి" అన్నది. లిఖిత గంపలకాడి నుంచే మొత్తుకున్నది, "దాదీ! మేం గంపలు ఆరుగంటలకు ఎత్తుతం. అంతకుమించి నాయక్ తాత ఆగనియ్యడు!"

పాల్వంచ దాటిందాక బాగనే పోయింది. గిన్నెలు మాత్రం ప్రతి గుంతకు ఒకటి నా ఒళ్ళకు దుంకినయి. జగదీష్ బ్రేక్ తొక్కిండంటె చెంచలన్ని ముంగటికి, ఎక్కిచ్చిండంటె ఎనకకు. ముస్తకీమ్ ఒక చేత్తోని అల్మారి తలుపు, ఇంకో చేత్తోని లెట్రిన్ తలుపు పట్టుకొని నిలవడ్డడు, దసరా రావణుని బొమ్మ లెక్క.

గోదారి బ్రిడ్జి మీద వాన మొదలైంది. వైపర్లు లేవు. అద్దం మీద నీళ్ళు తప్ప ఏం కనవడ్తలేదు. జగదీష్ పక్కకు ఆపిండు, ఇంజను నడుస్తనే ఉన్నది. "ఇట్ల నడిపితే గోదాట్లకే" అన్నడు.

మా బద్యా బొగ్గు లారీకి క్లీనర్‌గ పోయిన రోజులు నాకు మతికొచ్చినయి. వానకాలం అద్దానికి పొగాకు రుద్దేటోడు. నా బొడ్ల సంచి తీసిన. దాంట్ల నెలకు సరిపోను పొగాకు ఉన్నది. ముస్తకీమ్‌కిచ్చిన.

"అమ్మా, నీ ప్రాణమిచ్చినట్టే ఇది" అన్నడు వాడు.

"మాటలు తగ్గియ్యి, గట్టిగ రుద్దు."

రుద్దిండు. నీళ్ళు బొట్లు బొట్లు నిలవకుండ రేకు లెక్క జారిపోవట్టె. తొవ్వ కనవడ్డది. ప్రతి రెండు మైళ్ళకొకసారి వాడు దిగుడు, రుద్దుడు, తడిసి ఎక్కుడు. మధ్యల ఒక ఇప్పచెట్టు కొమ్మ పైన ట్యాంకును ఠపీమని కొట్టింది. ట్యాంకు పగిలింది. నీళ్ళు కప్పుల సందుల నుంచి లోపటికి దిగినయి. నేను అలికిన అలుకు, ఏసిన ముగ్గు అంత వరి మడి అయింది. నాట్లెయ్యొచ్చు. ముస్తకీమ్ చెప్పులు విడిచి చేతుల పట్టుకున్నడు.

చర్ల దిక్కు పోయేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్ల మంచమేసుకొని కేస్లి తయారుగున్నది. అద్దాల రైక, చేతులకు బలియా గాజులు, నెత్తికి నూనె. రెండు నెలలసంది పండుకున్న మనిషి అంటే ఎవ్వరు నమ్మరు.

"ఇంత ఆలస్యమా? నడిచొస్తున్నవేమో అనుకున్న" అన్నది.

"నీ కోసం నా పొగాకు పోయింది, నోరు ముయ్యి" అన్న.

బడి బస్సు గద, ఎనక ఆపదొస్తే దుంకే పెద్ద తలుపున్నది. రాజు, పక్కింటోళ్ళు నలుగురు కేస్లిని పరుపుతోని సహా ఎత్తి ఆ తలుపుల నుంచి టేకు మంచం మీద పండవెట్టిండ్రు. తాళ్ళతోని మెత్తగ కట్టిండ్రు, గుంతలకు కదలకుండ. కేస్లి పైకి, పక్కకు చూసింది. మంచం పట్టె మీద చెయ్యి రుద్దింది. "ఇది బావ ఎక్కిచ్చిన దూలం గదే?" అన్నది. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. అది చూసి, "ఏడ్వకు, ముందే బురదున్నది" అన్నది.

రాజుకు తెల్లారి బడి ఉన్నది, రాలే. ఇంజను ఆపకుండనే బస్సు మళ్ళింది. వాన తగ్గింది. కేస్లి కిటికీల నుంచి చెట్లు లెక్కవెట్టుకుంట, పాట ఎత్తుకుంట, మధ్య మధ్యల జగదీష్‌కు నడుపుడు నేర్పుకుంట వచ్చింది. ఇట్లనే పోతే అయిదున్నరకు తండాల ఉంటం అన్నడు వాడు.

అడవి చెక్‌పోస్టు వచ్చింది.

అడవి లోపటికి పోయేటప్పుడు ఎవ్వరు ఆపరు. బయటికొచ్చేటప్పుడే ఆపుతరు. గేటు కట్టె కిందికి దించి ఉన్నది. పగిడయ్య అనే ముసలి వాచరు చెయ్యెత్తిండు. ఖాకీ బట్టల పడుచు పిల్ల ఒకామె గొడుగు పట్టుకొని వచ్చింది. జేబు మీద పేరున్నదట, హేమలత. ఫారెస్టు ఆఫీసరు.

"ఇంజన్ ఆపండి" అన్నది.

"మేడం, ఆపితే మళ్ళ లేవదు మేడం, పాలు పొంగినయి" అన్నడు జగదీష్.

పాలు పొంగుతే ఇంజను ఎందుకు లేవదో ఆ పిల్లకు ఎట్ల సమజైతది? తాగి మాట్లాడుతున్నడనుకున్నది. "ముందు ఆపండి!"

ఆపిండు. బస్సు ఒక్కసారి దగ్గి, సప్పుడు బందయ్యింది. ముస్తకీమ్ కండ్లు మూసుకున్నడు.

హేమలత లోపటికెక్కింది. రెండడుగులేసింది, నా అలుకుల కాలు జర్రుమన్నది. పడకుండ మంచం పట్టె పట్టుకున్నది. పట్టుకున్న చెయ్యి అట్లనే ఉన్నది. వంగి చూసింది. గోటితోని గీకింది.

"ఇది టేకు. కొత్తగ కోసిన టేకు. పర్మిట్ ఏది?"

"పాత ఇంటి దూలం మేడం" అన్నడు జగదీష్.

"అందరు అదే చెప్తరు. పాత ఇల్లని పేరు చెప్పి పచ్చి దుంగలు దాటిస్తరు. బిల్లుందా?"

బిల్లా! బద్యా దాన్ని ట్రంకు పెట్టెల పెట్టిండు. పెట్టెతో సహా చెదలు తిన్నయి. అదే చెప్పిన. ఆమె తలకాయ ఊపింది. చెడ్డపిల్ల గాదు, డ్యూటీ చేస్తున్నది. "అవ్వా, కట్టె ఇక్కడ దించాలె. రేపు రేంజ్ ఆఫీసుల చూసి, సరైందైతే ఇచ్చేస్తం."

"కట్టె దించాలంటే మంచం ఇప్పాలె మేడం. మంచం మీద మనిషి ఉన్నది" అన్నడు ముస్తకీమ్.

కేస్లి ఇప్పుడు మెడ తిప్పింది. "బిడ్డా, నన్ను గూడ దించుకుంటె రాసుకో. తుంటిల ఒక రాడున్నది, దానికి గూడ పర్మిట్ లేదు."

పగిడయ్య ఫక్కున నవ్విండు. హేమలత నవ్వు ఆపుకున్నది. గడియారం చూస్తే నాలుగున్నర. జగదీష్ మొగం చూసిన. తండా నవ్విన నవ్వు వాని చెవులల్ల మళ్ళ వినవడ్తున్నట్టున్నది. కేస్లి మాత్రం కిటికీల నుంచి పొద్దు దిక్కు చూస్తున్నది. దాని చెయ్యి పరుపు కొసను పిసుకుతున్నది. నోరు ఎంత లేచినా, ఆ చెయ్యి నాకు ఎరుకే. చిన్నప్పుడు భయమైతే నా పైట కొసను గట్లనే పిసికేది.

గప్పుడు మతికొచ్చింది నాకు.

"బిడ్డా, బిల్లు లేదు గని సాక్ష్యమున్నది. దూలానికి సుత్తి ముద్రున్నది" అన్న.

హేమలత ఆగింది. "ఏ ముద్ర?"

"మీ సర్కారు డిపోల వేలం పాడి కొన్న కట్టె ఇది. బద్యా ఎడ్లబండి కట్టుకొని పోయిండు, నేను గూడ పోయిన. జగదీష్ కడుపుల ఏడో నెల. డిపోల ఒక సారు చెవి మీద పెన్సిలు పెట్టుకొని ఉన్నడు. సుత్తితోని దూలం కొసకు ఠంగుమని కొట్టిండు. పిల్లగాడు కడుపుల ఉలిక్కిపడ్డడు. బండి తోలుకొని వస్తుంటె రెండు తావుల ఆపిండ్రు, ఆ ముద్ర చూసి పోనిచ్చిండ్రు. అందుకే బద్యా మేస్త్రికి చెప్పిండు, 'ఈ కొసను చెక్కకు, సిమెంటు పుయ్యకు, ఇది మన సాక్షి' అని. ఆ కొస వసారలకు పొడుచుకొచ్చేది. దాని కిందనే జగదీష్‌కు ఊయల కట్టిన. ముప్పై ఎనిమిదేండ్లు చూసిన దాన్ని."

"ఎట్లుంటది ఆ ముద్ర?"

"నాకు చదువు రాదు బిడ్డా. ఒక గుండ్రం. గుండ్రంల కొడవలి లెక్క ఒకటి. దాని పక్కన కోడికాలు లెక్క ఒకటి. కింద మూడు అంకెలు. మధ్య అంకె మాత్రం కుండ లెక్క గుండ్రంగ ఉంటది. ఎడ్లు ఎర్రయి, ఆ దినం అమాస..."

"ఒక ఎద్దు తెల్లది" అన్నది కేస్లి.

"రెండు ఎర్రయే."

"నేను గడ్డేసిన్నే! ఒకటి తెల్లది, దాని కొమ్ము ఇరిగింది."

"ఆ ఎద్దు మరుసటి యేడు కొన్నది!"

"పెద్దమ్మలూ," అన్నడు పగిడయ్య, "ఎద్దుల సంగతి రేపు చూసుకోండ్రి. ముద్ర ఎక్కడున్నదో చెప్పండ్రి."

నేను ముస్తకీమ్ దిక్కు చూసిన. వాడు ఎటో చూస్తున్నడు. "బేటా, కొస చెక్కొద్దన్న గద? చెక్కినవా?"

"చెక్కలే అమ్మా," అన్నడు గొంతు తగ్గిచ్చి. "గని కిరాయికిచ్చే బండి, చూసెటందుకు బాగుండదని... లోపటి దిక్కు తిప్పిన. గోడ మూలకు. మంచం కింద."

మంచం కిందంటే బురద. పైన కేస్లి. సందు చూస్తే పిల్లి దూరేటంత. ముస్తకీమ్ భుజాలు పట్టలే. జగదీష్ పొట్ట పట్టలే. హేమలత మా దిక్కు చూసింది, బురద దిక్కు చూసింది. టోపీ తీసి పగిడయ్య చేతిల పెట్టింది. ఖాకీ చేతులు మడిచి, సెల్లు లైటు నోట్ల పట్టుకొని, బోర్ల పండుకొని మంచం కిందికి పాకింది. నా అలుకంత ఆ పిల్ల అంగీకే అంటింది.

"కనవడ్తలేదు. సున్నం ఉన్నది" అన్నది లోపటి నుంచి.

"ప్రతి పండుగకు సున్నమేసిన బిడ్డా. గీకు!" అని నా కొప్పుల పిన్ను తీసి ఇచ్చిన.

గరగర గీకుతున్నది. ఎవ్వరు మాట్లాడ్తలేరు. కేస్లి గూడ మాట్లాడ్తలేదు, అంటే చూసుకోండ్రి.

"గుండ్రం..." అన్నది హేమలత. కొంచెంసేపు గీకింది. "కొడవలి... ఉన్నది. కోడికాలు గూడ. కింద నంబరు. మధ్యల సున్న." తర్వాత నవ్వు వినవడ్డది, మంచం కింద నుంచి. ఫోన్‌ల ఫోటో తీసి బయటికొచ్చి పగిడయ్యకు చూపిచ్చింది. ఆయన కండ్ల దగ్గర పెట్టుకొని చూసిండు.

"పాత డిపో సుత్తి మేడం ఇది. నేను కొత్తగ కూలికి పోయినప్పుడు గీ ముద్రనే. ఇప్పుడు ఆ డిపోనే లేదు" అన్నడు.

హేమలత ఫోటో ఆఫీసుకు పంపింది, ఫోన్‌ల ఎవరితోనో మాట్లాడింది, బుక్కుల రాసుకున్నది, జగదీష్ సంతకం పెట్టిచ్చుకున్నది. నాలుగు నిమిషాలో అయిదో. నాకు నాలుగేండ్లు. తర్వాత కేస్లి దగ్గరికొచ్చింది. మొగం నిండ ఎర్రమట్టి, మా ఇంటి పిల్ల లెక్కనే కనవడ్డది.

"పోండి అవ్వా. మీ సాక్షిని మాత్రం ఈసారి బయటి దిక్కు తిప్పిచ్చుకోండి."

"మరి బండి?" అన్నడు ముస్తకీమ్.

అప్పుడు సమజైంది ఆ పిల్లకు. ఆపమన్నది తనే గద. గేటు బయట చెట్టుకింద ఆటో కోసం సంత నుంచి మళ్ళేటోళ్ళు పది పన్నెండు మంది నిలవడ్డరు. నెత్తుల మీద గంపలు, చంకల కోళ్ళు. పగిడయ్య వాళ్ళ మాటల ఏదో చెప్పిండు. ఏం చెప్పిండో గని, అందరు నవ్వుకుంట గంపలు దించిండ్రు. కోళ్ళను నా చేతికిచ్చిండ్రు. హేమలత ముంగటికొచ్చి ఎనక తలుపు పక్కన భుజం ఆనిచ్చింది. "ఒకటి... రెండు..."

"ఆగు బిడ్డా," అన్నది కేస్లి లోపటి నుంచి, "దేవుని పేరు తియ్యి, లెక్కలు గాదు!"

ఎవరి దేవుని పేరు వాళ్ళు తీసిండ్రు. మా సేవాలాల్, అల్లా, భద్రాద్రి రాముడు, అడవి తల్లి అందరు ఒక్కసారే పలికిండ్రు. బస్సు కదిలింది, దగ్గింది, గుర్రుమన్నది. నేను కిటికీల నుంచి కోళ్ళను అందిచ్చేసరికి ఒకటి మా బస్సుల గుడ్డు పెట్టి పోయింది. అబద్ధం గాదు, కేస్లినడుగండ్రి.

ఇగ జగదీష్ ఆగలే. పదహారేండ్లు షిఫ్టు టైముకు కూలోళ్ళను దించిన చెయ్యి అది. గోదారి బ్రిడ్జి దాటినం. పాల్వంచ దాటినం. సంగీత ఫోన్ చేసింది. "అత్తమ్మా, గంపలెత్తిండ్రు. నాయక్ మామ పొద్దు దిక్కు చెయ్యి చూపిచ్చుకుంట తరుముతున్నడు."

ఎనక నుంచి లిఖిత ఫోన్ గుంజుకున్నది. "దాదీ, మేం పిల్లలందరం అనుకున్నం. వాగు దాక పాట పాటకు ఆగుతం. తాత తిట్టినా ఆగుతం. చిన్న దాది గంప నా నెత్తి మీదనే ఉన్నది. మీరు రాండ్రి!"

తండా మూలమలుపు తిరిగినం. మబ్బుల కింద నుంచి పొద్దు తలకాయ బయటవెట్టింది, గుట్ట మీద రెండు మూరలున్నది. వాగు తొవ్వల తండా అంత నడుస్తున్నది. ముంగట పిల్లలు, నెత్తిల మీద పచ్చటి గంపలు. అన్నింట్ల ఎత్తుగ, గాలికి ఊగుకుంట కేస్లి గంప. జగదీష్ హారను కొట్టబోయిండు. హారను లేదు, పాలల్ల పోయింది. నేను, కేస్లి కలిసి చిన్నప్పటి తీజు పాట ఎత్తుకున్నం, గొంతులు చినిగేటట్టు. ముంగట నడిచే పిల్లలు ఎనకకు తిరిగి చూసిండ్రు. పాట అందుకున్నరు. తొవ్వ ఇచ్చిండ్రు.

జగదీష్ బస్సును వాగు ఒడ్డుకు ఎనకకెనకకు తెచ్చి ఆపిండు. ముస్తకీమ్ ఎనక తలుపు రెండు రెక్కలు బార్ల తెరిచిండు. వాగు, పిల్లలు, పొద్దు, తండా మొత్తం కేస్లి ముంగట. ఏ రాణికి ఇయ్యలే గసొంటి గద్దె.

లిఖిత గంపతోని బస్సెక్కింది. మంచం మీద పెట్టింది. కేస్లి పండుకునే చెయ్యి చాపి, తన గోధుమల మొలకలను తను తెంపింది. మొదటి గుప్పెడు లిఖిత నెత్తిల పెట్టింది. లిఖిత దాని కొప్పుల చెక్కింది. తర్వాత కేస్లి, "జగ్గూ, ఇటు రా" అన్నది. వాని అంగీ జేబుల పెట్టింది. "ముస్తకీమూ, నువ్వు గూడ రా." వాడు తల వంచిండు, చెవి మీద చెక్కింది. నా వంతు వచ్చేసరికి గుప్పెడు ముంగటికి చాపి ఆపింది.

"ఎద్దు తెల్లదని ఒప్పుకో."

"తెల్లదే" అన్న. ఆ దినం అడిగితే నల్లదని గూడ ఒప్పుకుందును.

మిగిలిన గంపను పిల్లలు వాగుల కలిపిండ్రు. మొలకలు నీళ్ళమీద పచ్చగ పోతుంటె గుట్ట కిందికి పొద్దు దిగింది. అప్పుడు జగదీష్ తాళం తిప్పి ఇంజను ఆపిండు. అంత సప్పుడుల నుంచి వాగు సప్పుడు బయటికొచ్చింది.

రామ్‌సింగ్ వచ్చిండు. బస్సు చుట్టు ఈసారి నాలుగుసార్లు తిరిగిండు. మంచం పట్టె తట్టిండు. గొంతు సరిచేసుకున్నడు.

"జగదీషూ, మా ఆమెకు మోకాళ్ళు లేస్తలేవు. పౌర్ణమికి భద్రాద్రి పోవాలంటది. నీ ఇల్లు ఖాళీగున్నదా?"

"ఉన్నది మామా," అన్నడు జగదీష్. "గని రేపు పొద్దుగాల దీన్ని తోసుడున్నది. ఈసారి రెండు చేతులేయాలె."

"ఏస్తరా! రెండు చేతులేస్త!"

కేస్లిని దించనీకె నలుగురు వచ్చిండ్రు. అది కొప్పుల మొలకలు సరిచేసుకొని, పరుపు మీద ఇంకింత లోపటికి జరిగింది.

"దించుడేంది? నేను మా బావ ఇంట్ల ఉన్న. ఆకలైతుంది, పొయ్యి ముట్టియ్యండ్రి. అక్కను మాత్రం పాల దగ్గరికి రానియ్యకండ్రి."